లైట్నింగ్ బోల్ట్ కోసం ప్రావిడెన్స్ వెళ్ళేవాళ్ళకి

బోస్టన్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళు ప్రావిడెన్స్ వెళ్ళారంటే నది మధ్యలో మంటలు వెలిగించే వాటర్‌ఫైర్ చూసి రాత్రికి తిరిగొచ్చేయడమే, నాకు మాత్రం ఆ ఊరంటే లైట్నింగ్ బోల్ట్ అనే నాయిస్ రాక్ బ్యాండ్. ఇద్దరే ఇద్దరు. బ్రయన్ చిప్పెండేల్ డ్రమ్స్ వాయిస్తూ పాడతాడు, బ్రయన్ గిబ్సన్ బేస్, ఇంకెవరూ లేరు, కానీ వింటుంటే పదిమంది కలిసి వాయిస్తున్నట్టుంటుంది. 1994లో అక్కడి రోడ్ ఐలాండ్ స్కూల్ ఆఫ్ డిజైన్ కుర్రాళ్ళు పెట్టిన బ్యాండ్ ఇది.

బోస్టన్ సౌత్ స్టేషన్ నుంచి కమ్యూటర్ రైల్ ఎక్కితే గంట దాటుతుంది, ఆమ్‌ట్రాక్ రైలు ఇంకా త్వరగా వెళ్తుంది గానీ ఆ రేటుకి అవసరం లేదనిపించింది. స్టేషన్ నుంచి డౌన్‌టౌన్ నడిచెళ్ళిపోవచ్చు. చిక్కల్లా తిరుగు ప్రయాణమే, షో లేటైతే ఆఖరి ట్రైన్ దొరకదు, అందుకే రాత్రికి అక్కడే ఉండేలా ప్లాన్ చేసుకోండి.

డౌన్‌టౌన్‌లో మేం దిగిన హోటల్ రూమ్ నీట్‌గానే ఉంది, కానీ బుకింగ్‌లో ఎక్కడా చెప్పని ఫీజు ఒకటి చెకౌట్ అప్పుడు బిల్లులో వేశారు, అడిగితే అందరికీ ఉంటుందండీ అన్నారు, చాలా కోపమొచ్చింది. మళ్ళీ వెళ్తే బ్రాడ్‌వే వైపే రూమ్ చూసుకుంటా. పాతకాలం చెక్క ఇళ్ళు, ఆర్మగెడాన్ షాప్ అని మంచి రికార్డుల కొట్టు, 1926 నాటి కొలంబస్ థియేటర్ అన్నీ ఆ రోడ్డులోనే, తిండికి ఫెడరల్ హిల్ ఏరియా పక్కనే. అంతా ఇటాలియన్, కాబట్టి శాకాహారులకీ ఇబ్బంది లేదు. కాఫీ మిల్క్ తప్పకుండా తాగండి, చల్లటి పాలల్లో కాఫీ సిరప్ కలిపిస్తారు, 1993 నుంచి అది రోడ్ ఐలాండ్ రాష్ట్రం అధికారిక పానీయం!

ఆ ఊళ్ళోనే ఉన్న ఓల్నీవిల్ ఏరియాకి కూడా వెళ్ళాం. ఫోర్ట్ థండర్ ఉండేది అక్కడే, పాత బట్టల మిల్లు గోడౌన్‌లో 1995 నుంచి 2001 దాకా చిప్పెండేల్, అతని ఫ్రెండ్స్ అక్కడే ఉంటూ బొమ్మలేస్తూ, కామిక్స్ ప్రింట్ చేసుకుంటూ, షోలు పెడుతూ గడిపారు, అద్దె తక్కువ కాబట్టే ఇదంతా కుదిరింది. తర్వాత ఖాళీ చేయించి కూలగొట్టి షాపింగ్ సెంటర్ కట్టారు. ఇప్పుడు చూడ్డానికి పార్కింగ్ తప్ప ఏం లేదు, నాకైతే చాలా బాధేసింది. కథ తెలియనివాళ్ళు దీనికోసం ప్రత్యేకంగా వెళ్ళక్కర్లేదు.

ఇక షో. స్టేజీ ఎక్కకుండా నేల మీదే డ్రమ్స్ పెట్టి చుట్టూ జనం మధ్యలో వాయించడం వీళ్ళకి మొదట్నుంచీ అలవాటు, మేం చూసిందీ అలాగే. చిప్పెండేల్ ముఖానికి గుడ్డతో కుట్టిన రంగురంగుల మాస్కు, దాని లోపల నోటి దగ్గర టెలిఫోన్ రిసీవర్‌లోంచి తీసిన మైకు, మాటలు ఒక్కటీ అర్థం కావు, అర్థం కావాలని కూడా అనిపించదు. గిబ్సన్ బేస్‌ని సెల్లోలా ట్యూన్ చేసుకుంటాడు, పై తీగ బ్యాంజోది, అందుకే ఒక్క వాయిద్యంలోనే అడుగున ఆ గర్జన, పైన ఆ కీచుమనే లీడూ రెండూ వస్తాయి. వెనక నుంచి జనం తోస్తుంటే ముందు వరసవాళ్ళు డ్రమ్స్‌తో ఉండే తాళాల (సింబల్స్) స్టాండ్లు పడిపోకుండా చేత్తో పట్టుకుని నిలబడ్డారు, ఎవరూ చెప్పకుండానే. రికార్డుల్లో ఇది దొరకదు, దానికి కాస్త దగ్గరగా వచ్చేది 2003 నాటి వండర్‌ఫుల్ రెయిన్‌బో ఆల్బమ్.

మీరు వెళ్ళినప్పుడు వీళ్ళ షో లేకపోతే ఎంపైర్ స్ట్రీట్‌లో ఏఎస్220 అనే ఆర్ట్స్ సెంటర్ ఉంది. 1985లో మొదలైంది, ఎవర్నీ సెలెక్ట్ చేయడం, సెన్సార్ చేయడం ఉండదు, లోకల్ ఆర్టిస్టులు ఎవరైనా అడిగి అవకాశం తీసుకోవచ్చు, అక్కడ ఒక సాయంత్రం కూర్చుంటే ఆ ఊరి మ్యూజిక్ ఎలా ఉంటుందో తెలిసిపోతుంది. ఇయర్‌ప్లగ్స్ మాత్రం ఇంటి నుంచే పట్టుకెళ్ళండి, చిన్నపిల్లలుంటే వాళ్ళకి వాటర్‌ఫైరే బెటర్.