ఆపరేషన్ దారా, చదువు దారా: ఏది మేలు?

"ఆంధ్రాలో ఆడవాళ్ల చదువు అంతంతమాత్రమే అయినా పిల్లల సంఖ్య తగ్గింది కదా, మరి చదువుకీ కుటుంబ నియంత్రణకీ ముడి ఎందుకు?" అని చాలామంది అడుగుతున్నారు. అడగాల్సిన ప్రశ్నే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక్కో స్త్రీకి సగటున పిల్లలు కేరళలో 1.8, ఆంధ్రప్రదేశ్‌లో 1.7. కేరళలో ఆడవాళ్లు దాదాపు అందరూ చదవగలరు, మన దగ్గర పదిమందిలో ఏడుగురే. ఈ అంకెలే చూస్తే పిల్లలు పుట్టకుండా ఆడవాళ్లకి చేసే ఆపరేషనే దగ్గర దారి. అయిదో కాన్పు, ఆరో కాన్పు భయం నుంచి మన అమ్మమ్మల తర్వాతి తరాన్ని బయటపడేసింది కూడా అదే.

నేను మాత్రం వయసు చూస్తాను. అదే సర్వేలో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో పద్దెనిమిది నిండకముందే పెళ్లయినవాళ్లు కేరళలో 6 శాతం, మన దగ్గర 29 శాతం. మన దగ్గర పెళ్లయిన ఆడవాళ్లలో ఇంచుమించు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. ఈ రెండూ కలిస్తే ఎలా ఉంటుందో మా పక్కింట్లో చూశాను. ఆ ఇంటి అమ్మాయికి టెన్త్‌తో చదువు మాన్పించి, పదిహేడేళ్లకే పెళ్లి చేశారు. ఏడాదిన్నర తేడాతో ఇద్దరు పిల్లలు. రెండోది సిజేరియన్, దాంతోపాటే ఆపరేషన్. కాగితం మీద సంతకం తనదే, ఎవరూ బలవంతపెట్టలేదు. "మధ్యలో కాపర్-టీ వేయించుకుని ఆగొచ్చని నాకు తెలీదక్కా" అంది, చంటిదాన్ని భుజాన వేసుకుని. అప్పటికి తనకి ఇరవై రెండేళ్లు, రక్తం తక్కువ, కుట్ల నొప్పి ఇంకా తగ్గలేదు.

ఆ అమ్మాయి పెద్దమ్మ కూతురు నర్సింగ్ చదివింది. ఇరవై నాలుగుకి పెళ్లి. మొదటి బిడ్డ తర్వాత నాలుగేళ్లు కాపర్-టీతో ఆగింది, అత్తగారికి తనే నచ్చజెప్పింది. ఇద్దరికీ పిల్లలు ఇద్దరే. సర్వే లెక్కలో ఇద్దరూ ఒకటే. చదువు వల్ల ఆమెకి ముందు దొరికింది కాపర్-టీ గురించిన సమాచారం కాదు, పెళ్లి కాకుండా గడిచిన ఏడేళ్లు. ఆ తర్వాత సొంత జీతం, డాక్టరమ్మని ఎదురు ప్రశ్న అడిగే ధైర్యం.

గర్భం రాకుండా వాడే అంతర ఇంజెక్షన్, ఛాయ మాత్రలు కూడా ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా ఇస్తారు. మగవాళ్లకి చేసే ఆపరేషన్ వేసెక్టమీ, ఆడవాళ్ల ఆపరేషన్ కంటే తేలిక, కానీ మన దగ్గర చేయించుకునేవాళ్లు ఒక్క శాతం కూడా లేరు.

ఇద్దరు పుట్టి, ఇక చాలనుకున్న తల్లికి ఆపరేషన్ మంచిదే, నేను కాదనను. ఇంట్లో టెన్త్ చదివే ఆడపిల్ల ఉంటే మాత్రం, మంచి సంబంధం వచ్చిందని కాలేజీ మాన్పించకండి.