‘అంతర్జాతీయ మహిళా అధ్యయన సదస్సు’ పోస్టరు మీకూ వచ్చిందా? డబ్బు కట్టేముందు ఇది చదవండి

ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం, గుణుపురం, రాయగడ వైపు ఉమెన్స్ స్టడీస్‌లో పరిశోధన చేస్తున్నవాళ్లకూ, బొమ్మలు వేసేవాళ్లకూ, పాటలు సేకరించేవాళ్లకూ ఈ పోస్టు. వాట్సాప్‌లో ఊదారంగు పోస్టరు ఒకటి తిరుగుతోంది. పైన ‘స్త్రీ, జెండర్, కళ: అంతర్జాతీయ సదస్సు, ఆర్టిస్ట్ రెసిడెన్సీ’ అని ఉంటుంది. కింద ఎర్ర అక్షరాల్లో ‘సరిహద్దు జిల్లాల భాషా అల్పసంఖ్యాక మహిళలకు 50 శాతం రాయితీ’. దానికి నేనూ కట్టాను, నా స్నేహితురాలూ కట్టింది. ఇద్దరిదీ కలిపి 17,000 రూపాయలు పోయాయి. సంస్థ పేరు రాయడం లేదు. ఫిర్యాదు నడుస్తోంది, పైగా వాళ్లు పేరు ఎప్పటికప్పుడు మార్చేస్తున్నారు. మీరు గుర్తుపట్టాల్సింది వాళ్ల పద్ధతిని.

ఆ రాయితీ మాట ఊరికే పెట్టింది కాదు. మన అవస్థ వాళ్లకు బాగా తెలుసు. ఇంట్లో తెలుగు, కాలేజీలో ఒడియా, థీసిస్ ఇంగ్లీషులో. పాతపట్నం దాటి ఆంధ్రాలో అడిగితే మీరు లోకల్ కాదంటారు, ఇక్కడ అడిగితే మీది తెలుగు కదా అంటారు. అలాంటివాళ్ల కోసమే ప్రత్యేకంగా ఒకటి పెట్టామంటే ఎవరికైనా ప్రాణం లేచొస్తుంది. మాకూ అంతే.

అయితే బ్రోషర్ తిప్పి చూస్తే రెండో పేజీలోనే దొరికిపోతారు. గిడుగు రామమూర్తి పంతులుగారి ఫొటో వేసి, ‘పర్లాకిమిడిలో జన్మించిన మహనీయుడు’ అని రాశారు. ఆయన పుట్టింది శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో, 1863లో. మా ఊరు పర్లాకిమిడిలో ఆయన పాఠాలు చెప్పారు, ఇక్కడి గిరిజనుల సవర భాష మీద జీవితమంతా ధారపోశారు. మా ఊరి పిల్లల్ని ఎవర్ని అడిగినా చెప్తారు ఈ మాట. సరిహద్దు జిల్లాల మీద అంత ప్రేమ ఉన్న సంస్థలో ఈ ప్రాంతం మనిషి ఒక్కరూ లేరని అక్కడే అర్థమవుతుంది.

ఇక నా పేపరు సంగతి. మా వైపు పెళ్లిళ్లలో ఆడవాళ్లు పాడే అప్పగింతల పాటల్లో ఒడియా మాటలు ఎలా కలిసిపోయాయో దాని మీద రాశాను. రాత్రి భోజనాలయ్యాక 250 మాటల సారాంశం పంపితే, పడుకునేలోపే ‘మా అంతర్జాతీయ నిపుణుల కమిటీ క్షుణ్ణంగా పరిశీలించి ఎంపిక చేసింది’ అని మెయిల్. రిజిస్ట్రేషన్ 3,500. అది కట్టాక ‘ఐఎస్‌బీఎన్ ఉన్న పుస్తకంలో అధ్యాయం’ అంటూ ఇంకో 4,500. ఐఎస్‌బీఎన్ అంటే పుస్తకాలకిచ్చే గుర్తింపు నంబరు.

సదస్సు జూమ్‌లో జరిగింది. మనిషికి ఐదు నిమిషాలు. నా ముందు మాట్లాడినాయన బ్యాంకుల విలీనం గురించి, నా తర్వాత ఆవిడ భూసార పరీక్షల గురించి. జెండర్ మాట ఇద్దరి నోటా రాలేదు. విదేశీ ప్రొఫెసర్ కీలకోపన్యాసం అన్నది పాత వీడియో. మూలన ఏదో యూట్యూబ్ ఛానల్ లోగో కనబడుతూనే ఉంది. చాట్‌లో ఎవరో ప్రశ్న అడగ్గానే చాట్ ఆపేశారు.

పుస్తకం పీడీఎఫ్ వచ్చాక అసలు సినిమా కనబడింది. తెలుగు లిపిలో ఇచ్చిన పాటల చరణాలు ఉండాల్సిన చోట వరసగా ఖాళీ డబ్బాలు. పేపరంతా ఆ పాటల గురించే, పాటలే లేవు. ఒక మాటకి అర్థం సరిచూసుకోవాలని మార్జిన్‌లో ఇంగ్లీషు అక్షరాల్లో ‘అత్తని మళ్లీ అడగాలి’ అని నేను పెట్టుకున్న నోటు మాత్రం శుభ్రంగా వాక్యం మధ్యలో అచ్చయింది. అంటే కమిటీ సంగతి అటుంచండి, పేజీలు పెట్టినవాడు కూడా చదవలేదు. సర్టిఫికెట్‌లో నా పేరు ముందు డాక్టర్ అని ఉంది. పీహెచ్‌డీ ఇంకా సబ్మిట్ కూడా చేయలేదు!

ఆ ఐఎస్‌బీఎన్ గురించి ఒక మాట. మన దేశంలో దాన్ని రాజా రామ్మోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది. పత్రికలకిచ్చే ఐఎస్‌ఎస్‌ఎన్ కూడా ఒక నంబరు మాత్రమే. బండికి నంబరు ప్లేటు ఉన్నంత మాత్రాన డ్రైవరుకి లైసెన్సు ఉన్నట్టు కాదు కదా. ఇక పోస్టరు మీద ‘యూజీసీ కేర్ లిస్టెడ్’ అని మెరిసే ముద్ర ఒకటి. యూనివర్సిటీల్ని చూసే యూజీసీ, నమ్మదగిన పరిశోధన పత్రికలివీ అని పెట్టిన కేర్ జాబితా 2019లో మొదలైంది, 2025 ఫిబ్రవరిలో యూజీసీయే దాన్ని ఎత్తేసింది. లేని జాబితాలో ఉన్నామని చెప్పి డబ్బు వసూలు చేస్తున్నారు. అంతకుముందున్న ఆమోదిత జాబితా నుంచి 2018లో ఒకేసారి 4,305 పత్రికల్ని తీసేశారంటే ఈ వ్యాపారం ఎంత లోతుకి పోయిందో చూడండి. ఇంకో సంగతి: థీసిస్ సబ్మిట్ చేయాలంటే పేపరు అచ్చయి తీరాలన్న నిబంధనని యూజీసీ 2022 పీహెచ్‌డీ రెగ్యులేషన్స్‌లో తీసేసింది. కొన్ని యూనివర్సిటీలు సొంతంగా అడుగుతాయి కాబట్టి మీ దగ్గర రూలు ఏమిటో ముందు కనుక్కోండి. ఆ టెన్షన్ మీదే వీళ్లు బతుకుతున్నారు.

నాది డబ్బుతో పోయింది. నా స్నేహితురాలిది అంతకంటే ఘోరం. ఆమె సెరంగో వైపు సవర అమ్మాయి. పూజ కోసం గోడ మీద ఇడితాల్ (సవరల సంప్రదాయ చిత్రం) వేసేది ఎక్కువగా మగవాళ్లే. ఈమె ఆ గీతల్ని కాగితం మీదకీ గుడ్డ మీదకీ తెచ్చి, పోడు కొండ ఎక్కే ఆడవాళ్లనీ, సంతలో చింతపండు తూయించుకునే ఆడవాళ్లనీ వేస్తుంది. ‘జెండర్, గిరిజన కళ’ రెసిడెన్సీకి, అంటే కళాకారులు ఒకచోట ఉండి పని చేసుకునే కార్యక్రమానికి, ఎంపికయ్యావన్నారు. నెల రోజులు నగరంలో ఉండటం, తిండి, 25,000 స్టైపెండ్. ముందుగా 9,000 ‘తిరిగిచ్చే డిపాజిట్’, దాంతోపాటు ఒరిజినల్ బొమ్మలు మూడు కొరియర్‌లో పంపాలన్నారు. పంపింది. తేదీ జరిగింది, మళ్లీ జరిగింది, చివరికి ‘ఆన్‌లైన్ రెసిడెన్సీ’ అయింది. ఇంట్లో కూర్చుంటే రెసిడెన్సీ ఏమిటో ఆ దేవుడికే తెలియాలి. కొన్నాళ్లకి ఆమె బొమ్మలు వాళ్ల ఇన్‌స్టా పేజీలో గుడ్డ సంచుల మీద కనబడ్డాయి. సంచి 499. ఆమె పేరు ఎక్కడా లేదు, ‘ట్రైబల్ మోటిఫ్’ అని రాసి ఊరుకున్నారు.

అడిగితే ఫామ్‌లో టిక్ పెట్టావు, హక్కులన్నీ శాశ్వతంగా మావే అన్నారు. బొమ్మలు వేసేవాళ్లు ఇది రాసిపెట్టుకోండి. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 19 ప్రకారం హక్కులు బదిలీ కావాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎన్నాళ్లకో రాయకపోతే ఐదేళ్లకే అని లెక్క. ఏ ప్రాంతానికో రాయకపోతే ఇండియా వరకే. ఇక సెక్షన్ 57 ప్రకారం, హక్కులు అమ్ముకున్నా సరే, ఆ బొమ్మ మీదేనని చెప్పుకునే హక్కు మీ దగ్గరే ఉంటుంది. ఈ రెండు సెక్షన్లు ప్రస్తావించి మెయిల్ పెట్టాక సంచుల పోస్టులు మాయమయ్యాయి. బొమ్మలు మాత్రం ఇంకా తిరిగి రాలేదు.

ఫీజు అడిగిన ప్రతివాళ్లూ దొంగలని నేను అనడం లేదు. 1982 నుంచి పనిచేస్తున్న ఇండియన్ అసోసియేషన్ ఫర్ ఉమెన్స్ స్టడీస్ సదస్సులకీ రిజిస్ట్రేషన్ ఉంటుంది. సదస్సన్నాక భోజనాలు, బసకి ఖర్చుంటుంది. తేడా ఎక్కడంటే, అసలైనవాళ్లు ముందు మీ రాత చదువుతారు, బాలేకపోతే వద్దంటారు. వీళ్లు ఎవర్నీ వద్దనరు. ఇంకోటి, క్యూఆర్ స్కాన్ చేసినప్పుడు వచ్చే పేరు చూడండి. మాకు వచ్చింది సంస్థ పేరు కాదు, ఎవరో వ్యక్తి పేరు. రసీదు మీద చిరునామా లేదు, రిజిస్ట్రేషన్ నంబరు లేదు. సలహా మండలిలో వేసిన ప్రొఫెసర్లలో ఇద్దరికి, వాళ్ల యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో ఉన్న మెయిల్‌కి రాశాను. ఒకావిడ వెంటనే జవాబిచ్చారు. ఆ సంస్థ పేరే వినలేదట. ఈ ఒక్క పని చాలు, పైసా ఖర్చు లేదు.

మరి మనలాంటివాళ్లకి దారే లేదా అంటే ఉంది, కాకపోతే ఒక్క రాత్రిలో రాదు. యూజీసీ నెట్ పరీక్షలో ఉమెన్ స్టడీస్ ఒక సబ్జెక్టు. అందులో పరిశోధనకిచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ వస్తే నెలకి 37,000. కళాకారులకైతే కేంద్ర సాంస్కృతిక శాఖ ఫెలోషిప్‌లు సీసీఆర్‌టీ అనే ఆ శాఖ సంస్థ ద్వారా వస్తాయి. జూనియర్‌కి నెలకి 10,000, సీనియర్‌కి 20,000, రెండేళ్లపాటు. బెంగళూరులోని ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్‌కి భారతీయ భాష దేంట్లోనైనా ప్రతిపాదన రాసుకోవచ్చు. తెలుగులో రాసినా తీసుకుంటారు, ఒడియాలో రాసినా తీసుకుంటారు. పేపరు విషయానికొస్తే, ఢిల్లీలోని సెంటర్ ఫర్ ఉమెన్స్ డెవలప్‌మెంట్ స్టడీస్ వాళ్ల ఇండియన్ జర్నల్ ఆఫ్ జెండర్ స్టడీస్ 1994 నుంచి వస్తోంది. అక్కడ తిరస్కరించినా పరవాలేదు, ఎందుకు తిరస్కరించారో నాలుగు ముక్కలు రాసి పంపితే ఆ 4,500 కంటే విలువైనది. హైదరాబాద్ వెళ్లే పని ఉంటే 1985లో మొదలైన మహిళా అధ్యయన కేంద్రం అన్వేషిలో లైబ్రరీ చూడండి.

ఇప్పటికే కట్టేసినవాళ్లు వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే, డబ్బు అవతలి ఖాతాలో ఉండగానే ఆపే అవకాశం అంత ఎక్కువ. మేం వినియోగదారుల కమిషన్‌కి కూడా వెళ్తున్నాం. 2019 చట్టం ప్రకారం మనం ఉన్న జిల్లాలోనే కేసు వేయొచ్చు, వాళ్ల ఊరికి పోనక్కర్లేదు. ఐదు లక్షల లోపు అయితే కమిషన్‌కి ఫీజు కూడా లేదు. వినియోగదారుల కేసుల పోర్టల్ ఇ-జాగృతిలో ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు, లేదంటే ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి అడగండి. ఒకే రకంగా నష్టపోయిన చాలామంది తరఫున కమిషన్ అనుమతితో ఉమ్మడిగా వేసే వీలుంది. బరంపురం వైపు ఇద్దరు, గుణుపురంలో ఒకరు ఇప్పటికే కలిశారు.

కలిసేవాళ్లు నాకు మెసేజ్ పెట్టండి. రసీదు, క్యూఆర్ స్క్రీన్‌షాట్, మెయిల్స్ ఏదీ డిలీట్ చేయొద్దు. వాళ్లతో వాట్సాప్ చాట్‌లో డిసప్పియరింగ్ మెసేజెస్ ఆన్‌లో ఉందేమో చూసి, ఉంటే మిగిలినవి ఇవాళే స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. డబ్బు అందగానే వాళ్లు చేసే మొదటి పని అది ఆన్ చేయడమే.