ఒకే పలుకు, రెండు భాషలు: పరీక్షకు ఏ జంట మేలు?

నోరు మెదపకుండా చదివినా మాట మనసులో పలుకుతుంది. రెండు భాషలు వచ్చినవారిలో రెండో భాష పలుకు కూడా మేలుకుంటుందా? ఇది తేల్చడానికి లిపి ఒకటైన భాషలు మేలా, లిపి వేరైనవా?

ఎక్కువ పరిశోధన మొదటి దారిలోనే జరిగింది. ఆకు అని చెప్పే ఇంగ్లిష్ ‘లీఫ్’, ‘ప్రియమైన’ అనే అర్థమున్న డచ్ ‘లీఫ్’ వినడానికి దాదాపు ఒకటే, స్పెల్లింగే వేరు. తెర మీద కనిపించింది ఇంగ్లిష్ మాటేనా అని అడిగితే, 1999లో డైక్‌స్ట్రా బృందం పరీక్షించిన డచ్ విద్యార్థులు ఇలా పలుకు కలిసిన మాటల దగ్గర నెమ్మదించారు. 2007లో హేగ్, జారెడ్ ఫ్రెంచ్ మాతృభాషగా ఉన్నవారిని ఇంగ్లిష్ మాటలతో పరీక్షిస్తే ఫలితం తిరగబడింది: ఫ్రెంచ్‌లో ఐదుకు వాడే మాటలా వినిపించే ‘సాంక్’ (మునిగింది) లాంటివాటిని ఇంకా త్వరగా గుర్తుపట్టారు. లిపి ఒకటైనప్పుడు మరో పేచీ ఉంది. రెండు ‘లీఫ్’ల నాలుగేసి అక్షరాల్లో మూడు ఉమ్మడివే. పలుకు ప్రభావమేదో, అక్షరాల ప్రభావమేదో విడదీయడం తలనొప్పి.

కొరియన్–ఇంగ్లిష్ జంటలో ఆ గొడవ లేదు. 2003లో కిమ్, డేవిస్ కంటికి ఆననంత వేగంగా కొరియన్ మాటను మెరిపించి, వెంటనే అదే పలుకున్న ఇంగ్లిష్ మాటను చూపారు. పైకి చదవమన్నప్పుడు పలుకు సాయపడింది. మాట అవునా కాదా తేల్చమంటే సాయపడలేదు. అంటే లిపితోపాటు పాఠకుడికి ఏ పని అప్పగించామన్నదీ ముఖ్యమే.

నా ఓటు వేర్వేరు లిపులకే, అందులోనూ తెలుగు–ఇంగ్లిష్‌కు. మోకాలిని చెప్పే ఇంగ్లిష్ ‘నీ’కి ముందు పలకని ‘కె’ ఉంటుంది. మన ‘నీ’తో కంటికి ఏ పోలికా లేదు. ‘పై’ కూడా అంతే. ‘కీ’ మాత్రం పనికిరాదు, అది అర్థంతో సహా తెలుగులోకి వచ్చేసింది. చిక్కల్లా కొరతే. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి, ఇంగ్లిష్‌వి హల్లుతో. చివరికి మిగిలేవి ‘నీ’, ‘మీ’, ‘లో’ వంటి పొట్టి మాటలు. పలుకు కలవకుండా మిగతా అన్నిటిలో వాటికి సరితూగే, పోల్చి చూడటానికి పనికొచ్చే మాటలు దొరకవు. అందుకని అర్థం లేని తెలుగు అక్షరాల కూర్పులను వాడుకోవాలి. పత్రికల్లో తెలుగు లిపిలో ఎన్నడూ కనిపించని ఇంగ్లిష్ మాటలను ఏరి, వాటి పలుకును తెలుగులో మెరిపిస్తే చాలు. ముందు పైకి చదివించాలి. మాట అవునా కాదా అని మీట నొక్కించే పరీక్ష ఆ తర్వాతే.