వీసెంటర్ 8కి మారి ఏడాది దాటాక: నన్ను కాపాడింది పాత సర్వరే

వీసెంటర్ అంటే హోస్టులనూ (వీఎంలను నడిపే అసలు సర్వర్లు), వాటిలో నడిచే వీఎంలనూ (వర్చువల్ మెషీన్లు) ఒకే చోట నుంచి చూసుకునే వీఎమ్‌వేర్ సాఫ్ట్‌వేర్. దాని 8వ వెర్షన్‌లో కొత్తగా వచ్చిన ఫీచర్ల గురించి నేను పెద్దగా చెప్పను. నాకు ప్రాణం లేచొచ్చినట్టు అనిపించింది ఒక్క విషయంలోనే. అప్‌గ్రేడ్ చేసేటప్పుడు అది పాత సర్వర్ జోలికి పోదు. పాతదాని మీదే కొత్త వెర్షన్ ఎక్కించకుండా, పక్కన కొత్త అప్లయన్స్ (వీసెంటర్ నడిచే రెడీమేడ్ వీఎం) ఒకటి తయారు చేస్తుంది. పాతదాంట్లో ఉన్నవన్నీ అందులోకి తెచ్చుకుంటుంది. ఆఖర్లో పాతదాన్ని ఆఫ్ చేసి, దాని పేరూ ఐపీ అడ్రసూ తను తీసుకుంటుంది. పాతదాని డిస్కు మాత్రం ఉన్నది ఉన్నట్టే ఉంటుంది.

మాది బెంగళూరు పీణ్యలో మెషీన్ విడిభాగాలు చేసే కంపెనీ. 6 హోస్టులు, 80 పైచిలుకు వీఎంలు. సర్వర్లు చూసేది నేను, నెట్‌వర్క్ చూసేది మా అనంతపురం తమ్ముడొకడు. 2022లో 6.7 నుంచి 7కి మారినప్పుడు ఏ ఇబ్బందీ రాలేదు. 2024లో కొత్త హోస్టులు రెండు కొన్నాం, వాటిలో ఈఎస్ఎక్స్‌ఐ 8 (హోస్టులో వేసే వీఎమ్‌వేర్ సాఫ్ట్‌వేర్) వేయాల్సి వచ్చింది. హోస్టు కంటే వీసెంటర్ పాతదైతే ఆ హోస్టును చేర్చుకోదు కదా, అందుకని ముందు వీసెంటర్‌నే మార్చాలి. జూన్‌లో ఒక శనివారం రాత్రి పెట్టుకున్నాం. ఆదివారం షిఫ్టు ఉండదు, కానీ ఆ రాత్రి బ్యాకప్‌లన్నీ వీసెంటర్ ద్వారానే నడుస్తాయి. అంటే మాకున్న గడువు ఆదివారం సాయంత్రం.

మొదటి దశలోనే ఒక చిక్కు వచ్చింది. కొత్త అప్లయన్స్‌ను నేరుగా ఒక హోస్టు మీద పెడదామని చూస్తే, మా నెట్‌వర్క్ జాబితాలో కనబడలేదు. మాది డిస్ట్రిబ్యూటెడ్ స్విచ్, అంటే హోస్టులన్నిటికీ కలిపి వీసెంటర్ చూసుకునే ఒకే వర్చువల్ స్విచ్. అందులో ఎఫెమెరల్ రకం (వీసెంటర్ లేకపోయినా హోస్టే పోర్టు ఇవ్వగలిగే) పోర్ట్ గ్రూపులే అక్కడ కనిపిస్తాయి. ఒకటి అప్పటికప్పుడు చేసుకుంటే పనైపోయింది. ముందే చేసి ఉంచుకుంటే ఆ అరగంట మిగిలేది.

రెండో దశలో ముందస్తు తనిఖీలన్నీ పాసయ్యాయి. పాత పనితీరు గణాంకాలు అక్కర్లేదనుకుని సెట్టింగులు మాత్రమే తెచ్చుకోమన్నాను. ఒంటిగంట దాటాక పాత సర్వర్ ఆఫ్ అయింది. కొత్తది ఒక్కో సర్వీసూ లేపుకుంటూ వస్తోంది. ఒక చోట ఆగిపోయింది. ఇరవై నిమిషాలు కదల్లేదు, ఆ తర్వాత ఎర్ర అక్షరాల్లో ఎర్రర్ వచ్చింది. ఆ సందేశాన్ని బట్టి కారణం ఏమిటో మాకు అంతుపట్టలేదు. అంత టెన్షన్ నేను ఈ ఉద్యోగంలో ఎప్పుడూ పడలేదు. పాతది ఆఫ్‌లో ఉంది, కొత్తది లేవలేదు, చేతిలో వీసెంటరే లేదు.

అప్పుడు చేసింది రెండే పనులు. కొత్తదాన్ని ఆఫ్ చేశాం. పాతది ఉన్న హోస్టు పేజీని బ్రౌజర్‌లో తెరిచి దాన్ని ఆన్ చేశాం. అది ఏ హోస్టులో ఉందో వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. ఎందుకంటే సాయంత్రమే డీఆర్‌ఎస్‌ను (లోడును బట్టి వీఎంలను హోస్టుల మధ్య జరిపేది) మాన్యువల్‌కి మార్చి, హోస్టు పేరు డైరీలో రాసుకున్నాను. ఆటోమేటిక్‌లో వదిలి ఉంటే అది ఎటు జరిగిందో తెలియక, ఆ అర్ధరాత్రి ఒక్కో హోస్టులోనూ లాగిన్ అయి చూడాల్సి వచ్చేది. పావుగంటకి లాగిన్ పేజీ వచ్చింది. హోస్టులన్నీ మామూలుగానే కనెక్ట్ అయి ఉన్నాయి. ఆ తెర చూడగానే నాకు నిజంగా కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇంతసేపూ ఒక్క వీఎం కూడా ఆగలేదు. వీసెంటర్ లేనంత మాత్రాన నడుస్తున్న వీఎంలు ఆగవు, హెచ్‌ఏ (హోస్టు పడిపోతే దాని వీఎంలను వేరే హోస్టులో లేపేది) కూడా హోస్టుల్లోని ఏజెంట్లు అనే చిన్న ప్రోగ్రాములతోనే పని చేస్తుంది. పుస్తకంలో చదవడం వేరు, అక్కడ కూర్చుని చూడడం వేరు. కింద నైట్ షిఫ్టు వాళ్లు ఎప్పటిలాగే జాబ్ కార్డులు ప్రింట్ తీసుకుంటున్నారు.

కారణం పట్టింది మా తమ్ముడే. తెల్లారుజామున నాలుగింటికి వీసెంటర్ ఐపీ మీద రివర్స్ లుకప్ (ఐపీ ఇచ్చి పేరు అడగడం) కొడుతూ కూర్చున్నాడు. "అన్నా, ఇటు చూడు. ఒకసారి మన పేరు వస్తోంది, ఇంకోసారి వేరే పేరు వస్తోంది" అన్నాడు. ఆ ఐపీని ఎప్పుడో ఒక టెస్ట్ మెషీన్‌కి వాడి, దాని పీటీఆర్ రికార్డు (డీఎన్‌ఎస్‌లో ఐపీకి పేరు చెప్పే ఎంట్రీ) తీసేయకుండా వదిలేశాం. ఒకే అడ్రసుకి రెండు పేర్లు. తనిఖీ చేసినప్పుడు సరైన పేరు వచ్చింది, సర్వీసులు లేచేటప్పుడు తప్పు పేరు వచ్చింది. రికార్డు తీసేసి, సగంలో ఆగిన అప్లయన్స్‌ను తుడిచేసి, మరుసటి శనివారం మళ్లీ చేస్తే అర్ధరాత్రికల్లా అయిపోయింది. అప్పటి నుంచి రివర్స్ లుకప్ ఒకసారి కొట్టి ఊరుకోను, పదిసార్లు కొడతాను.

అయితే వెనక్కి వచ్చే దారి నేను చెప్పినంత సులువుగా ఎప్పుడూ ఉండదు. ఆ రాత్రి కొత్తదానికి హోస్టులు కనెక్ట్ కాకముందే వెనక్కి వచ్చాం కాబట్టి సాఫీగా జరిగింది. కొత్తది హోస్టులను అందుకున్నాక వాటిలోని తన ఏజెంట్‌ను కూడా మారుస్తుంది. అప్పుడు వెనక్కి వస్తే ఒక్కో హోస్టునూ మళ్లీ కనెక్ట్ చేసుకోవాల్సి రావచ్చు. ఇంకోటి, హోస్టుతో మాట్లాడడానికి వీసెంటర్ వాడే ఖాతా పాస్‌వర్డ్‌ను మామూలుగా 30 రోజులకోసారి అదే మార్చేస్తుంది. అలా మార్చాక పాత సర్వర్‌ను లేపితే దాని దగ్గర ఉన్నది పాత పాస్‌వర్డే. కాబట్టి ఆఫ్‌లో ఉన్న పాత వీఎంను బ్యాకప్ అనుకోకూడదు. వీసెంటర్ అడ్మిన్ పేజీ (5480 పోర్టు) నుంచి తీసే ఫైల్ బ్యాకప్ వేరుగా ఉండాల్సిందే. ఆ పేజీలో ఉన్నప్పుడే రూట్ పాస్‌వర్డ్ గడువు కూడా చూసుకోండి, మామూలుగా 90 రోజులే ఉంటుంది.

చోటు సంగతి కూడా ఉంది. కొంతసేపు రెండు అప్లయన్సులూ కలిసి నడుస్తాయి. అన్నిటికంటే చిన్నదానికే 14 జీబీ మెమరీ కావాలి. మాకు కొత్త హోస్టులు రావడం వల్ల మెమరీకి, చోటుకి కొరత లేదు. ఇరుకుగా నడుపుకునే వాళ్లకు ఇదే పెద్ద చిక్కు కావచ్చు.

ఏడాది పైగా వాడకంలో నాకు ఫిర్యాదు చేయాల్సినంత ఏమీ రాలేదు. 7కి జనరల్ సపోర్ట్ 2025 అక్టోబర్ 2తో అయిపోయింది, 9కి పోవాలన్నా 8 మీదుగానే పోవాలి. కాబట్టి ఇంకా 7లో ఉన్నవాళ్లకు మారమనే చెబుతాను. కాకపోతే మాది చిన్న సెటప్, ఆదివారం సెలవు. ఇరవై నాలుగు గంటలూ నడిచే చోట, పక్కన రెప్లికేషన్ లాంటి టూల్స్ తగిలించి ఉన్నచోట ఇంత తేలిగ్గా ఉంటుందని నేను అనలేను. 2023 నవంబర్‌లో వీఎమ్‌వేర్ బ్రాడ్‌కామ్ చేతికి వెళ్లాక శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆగిపోయింది. సబ్‌స్క్రిప్షన్‌లో కొనసాగాలా వద్దా అన్నది మా మేనేజర్ సార్ వాళ్ల నిర్ణయం, ఇంకా తేలలేదు.

పాత వీఎంను నేను నలభై రోజులు ఉంచి తీసేశాను. ఈసారైతే పది రోజులకే తీసేస్తాను.