లైను తెగినా పని తెగనివ్వని టీమక్స్: ఇన్నేళ్లు వాడాక

టీమక్స్ (tmux) అంటే, సర్వర్‌లో మనం నడిపే టెర్మినల్ పనుల్ని ఒక సెషన్‌గా పట్టి ఉంచే ప్రోగ్రామ్. అంతకుమించి వివరాలు, ఎలా వేసుకోవాలి అన్నది ఇక్కడ చెప్పబోవడం లేదు. తెరను నాలుగు ముక్కలు చేసి ఒక్కో ముక్కలో ఒక్కో పని నడపడం, కింద రంగుల పట్టీ పెట్టుకోవడం, ఇవన్నీ బాగానే ఉంటాయి గానీ నాకు వాటితో పెద్దగా అవసరం పడలేదు. నేను దీన్ని ఇంతకాలం వదలకుండా పట్టుకున్నది ఒకే ఒక్క కారణానికి. కంట్రోల్, బి కలిపి నొక్కి వదిలి, ఆ వెంటనే డి నొక్కితే సెషన్ నా లాప్‌టాప్ నుంచి విడిపోతుంది. విడిపోయాక కూడా సర్వర్‌లో బతికే ఉంటుంది. ఆ మీటలు నొక్కే టైం లేకుండా కరెంటు పోయినా, నెట్ పడిపోయినా ఫలితం అదే. మళ్లీ లాగిన్ అయి టీమక్స్ అటాచ్ అని కొడితే, ఏ లైను మీద వదిలానో ఆ లైను మీదే కర్సర్ ఉంటుంది.

పెద్ద ఊళ్లో, జనరేటర్ ఉన్న ఆఫీసులో కూర్చునేవాళ్లకు ఇది అంత గొప్పగా అనిపించకపోవచ్చు. నేనుండేది నెల్లూరు జిల్లా విడవలూరు వైపు. మా సర్వర్ ఉండేది హైదరాబాదులో. నా పని బయోఇన్ఫర్మాటిక్స్: రొయ్యల గుంటల నీళ్లలో, రొయ్య పేగులో ఏ సూక్ష్మజీవులు ఉన్నాయో డీఎన్‌ఏ సీక్వెన్సుల్లోంచి వెతికి పట్టుకోవడం. నాన్నకు గుంటలున్నాయి, మా ఊళ్లో చాలామందికి ఉన్నాయి. తెల్లమచ్చ జబ్బు వచ్చి రొయ్యల కల్చర్ మొత్తం పోయిన ఇళ్లను చిన్నప్పటి నుంచి చూశాను. ఇప్పుడు ఇహెచ్‌పీ అనే సూక్ష్మ పరాన్నజీవి. అది సోకిన రొయ్య చచ్చిపోదు, పెరగదు; మేత మాత్రం తింటూ ఉంటుంది, కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలన్న లెక్క) రాదు. ఆ జబ్బున్న గుంటకూ లేని గుంటకూ మిగతా సూక్ష్మజీవుల్లో తేడా ఏముందో చూడటమే మా ప్రాజెక్టు.

ఈ పనిలో గంటలో తేలేది తక్కువ. గుంటల్లో పెంచే వనామి రొయ్య జీనోమ్ 2019లో బయటికొచ్చింది. అసెంబ్లీ చేసిన (చదివిన డీఎన్‌ఏ ముక్కల్ని అతికించిన) మేరకే అది దాదాపు 166 కోట్ల అక్షరాలు. అందులో నాలుగో వంతుకు దగ్గరగా, ఒకే చిన్న ముక్క వరసగా మళ్లీ మళ్లీ వచ్చే సింపుల్ రిపీట్లే. పేగు శాంపిల్ ఇచ్చి సీక్వెన్స్ చేయిస్తే తిరిగొచ్చే రీడ్లలో, అంటే చదివిన డీఎన్‌ఏ ముక్కల్లో, పెద్ద భాగం రొయ్యవే. ముందు వాటిని జీనోమ్‌తో పోల్చి (దీన్నే అలైన్‌మెంట్ అంటారు) ఏరిపారేయాలి. మిగిలినవాటిని క్రాకెన్ అనే ప్రోగ్రామ్‌కు ఇచ్చి ఏ జీవివో పేర్లు తేల్చుకోవాలి. ఆ తర్వాత మెగాహిట్ అనే ఇంకో ప్రోగ్రామ్‌తో అసెంబ్లీ. అన్ని గుంటల శాంపిళ్లూ కలిపి అసెంబ్లీకి ఇస్తే రోజుల తరబడి నడుస్తుంది. మామూలుగా లాగిన్ అయి ఇలాంటిది మొదలుపెడితే, లైను తెగిన క్షణాన సర్వర్ ఆ షెల్‌కు (మన కమాండ్లు తీసుకునే ప్రోగ్రామ్‌కు) హ్యాంగప్ సిగ్నల్ పంపుతుంది, దాంతోపాటు దాని కింద నడిచేవన్నీ పోతాయి. ఆ సిగ్నల్‌ను పట్టించుకోనివ్వని నోహప్ అనే కమాండ్ పెట్టి కాపాడుకోవచ్చు, కాదనను. కానీ నోహప్‌తో నడిచేదాన్ని దూరం నుంచి లాగ్ ఫైల్లో చూడటమే తప్ప, మళ్లీ అందులోకి వెళ్లి కూర్చోలేం. గణాంకాలు చూసే ఆర్ అనే ప్రోగ్రామ్ తెరిచి, పెద్ద పెద్ద టేబుళ్లు మెమరీలోకి ఎక్కించుకుని, ఒక్కో ప్రశ్నా వేసి చూసుకునే పనికి నోహప్ ఎందుకూ పనికిరాదు.

2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటడానికి ముందు మా తీరాన్ని ఎలా తడిపిందో ఈ వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు. కరెంటు పోయింది, నెట్ పోయింది, ఫోన్ సిగ్నల్ కూడా వస్తూ పోతూ ఉంది. నాన్న జనరేటర్‌కు డీజిల్ సరిపోతుందా, ఏరియేటర్లు ఆగితే ఆక్సిజన్ పడిపోతుందే అన్న టెన్షన్‌లో గుంటల దగ్గరే ఉండిపోయాడు. నేను అలైన్‌మెంట్ మధ్యలో ఉన్నాను. లైన్లు సరిచేసి కరెంటు ఇచ్చాక లాప్‌టాప్ తెరిచి అటాచ్ కొట్టాను. అలైన్‌మెంట్ ఎప్పుడో అయిపోయి, దాని వెనక పెట్టిన క్రాకెన్ కూడా ముగించుకుని ప్రాంప్ట్ ఖాళీగా ఉంది. నాన్న వెనక నుంచి చూసి, "ఏందమ్మా, నీ మిషన్ ఆగలా?" అన్నాడు. ఆగలేదు నాన్నా అని చెప్పడంలో ఉన్న సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

ఆ తర్వాత కనబడిన ప్రతి జూనియర్‌కూ, దీంట్లో పెడితే ఏమైనా సరే పని పోదు అని చెబుతూ వచ్చాను. ఇప్పుడైతే ఆ "ఏమైనా సరే"కి ఒక హద్దు గీసి చెబుతాను. నా వైపు ఏమైనా పోదు. సర్వర్ వైపు అయితే పోతుంది. సెషన్ ఉండేది సర్వర్ మెమరీలో. అప్‌డేట్ల కోసం సర్వర్‌ను రీబూట్ చేస్తే టీమక్స్‌తో పాటు అందులోవన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. మా దగ్గర అది ఒకటికి రెండుసార్లు జరిగింది. అలాంటప్పుడు ఆదుకునేది వేరేవి: ఏ ఫైలు తయారైంది, ఏది సగంలో ఆగింది అని చూసుకుని మిగిలినవే నడిపే స్నేక్‌మేక్, ఆగిన చోటి నుంచి కంటిన్యూ చేసుకోనిచ్చే మెగాహిట్. ఇప్పుడు పెద్ద పనులన్నీ స్నేక్‌మేక్‌లో రాసి, ఆ స్నేక్‌మేక్‌ను టీమక్స్‌లో నడుపుతున్నాను. రెండూ కలిస్తేనే నాకు నిద్ర పడుతుంది.

అయితే ఈ సమీక్ష రాయాలనిపించింది రీబూట్ వల్ల కాదు, కిందటి ఎండాకాలం జరిగినదాని వల్ల. కందుకూరులో మేనత్త ఇంట పెళ్లి. అన్ని గుంటల శాంపిళ్లూ కలిపి అసెంబ్లీకి ఒక విండోలో పెట్టాను. ఇంకో విండోలో ఆర్ తెరిచి ఉంది, అందులో వారాలుగా శుభ్రం చేసుకుంటూ వచ్చిన టేబుళ్లు. సెషన్ విడదీసి పెళ్లికి వెళ్లిపోయాను. పెళ్లి, ఆ తర్వాత వ్రతం, చుట్టాలు, ఎండలు. లాప్‌టాప్ ముట్టుకున్నది లేదు. తిరిగొచ్చి అటాచ్ కొడితే ఎర్రర్ కనెక్టింగ్ అంటూ ఒక లైను, చివర నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ. మళ్లీ కొట్టాను, అదే. రీబూట్ అయిందేమో అని అప్‌టైమ్ చూశాను. సర్వర్ నెలల తరబడి ఆగకుండా నడుస్తూనే ఉంది. నడుస్తున్న ప్రాసెస్‌ల లిస్టు తీస్తే టీమక్స్ సర్వర్ (సెషన్లను పట్టి ఉంచే దాని ప్రాసెస్) కనిపిస్తోంది. దాని కిందే నా ఆర్ కూడా ఉంది, బోలెడంత మెమరీ పట్టుకుని. అన్నీ ప్రాణాలతోనే ఉన్నాయి, లోపలికి వెళ్లే దారి మాత్రం లేదు.

మా జూనియర్‌కు మెసేజ్ పెడితే, "అక్కా, ఆ ఆర్‌ని కిల్ చేసేసి మళ్లీ లోడ్ చేసుకుందాం, ఎందుకు తలనొప్పి" అంది. నాకు చేతులు రాలేదు. టీమక్స్ మాన్యువల్ పేజీ తెరిచి మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాను. ఎన్నేళ్లు వాడినా ఆ పేజీని అంత నిదానంగా చదివే అవసరం అంతకుముందు రాలేదు. టీమక్స్ తన సర్వర్‌తో మాట్లాడేది ఒక సాకెట్ ఫైలు ద్వారా. విడిగా చెప్పకపోతే అది టెంప్ ఫోల్డర్‌లో, మన యూజర్ నంబరుతో ఉన్న చిన్న ఫోల్డర్‌లో ఉంటుంది. మా సర్వర్‌లో చాలా రోజులుగా ఎవరూ తాకని టెంప్ ఫైళ్లను ఊడ్చేసే స్క్రిప్టు ఒకటి నడుస్తుందట. అది నా సాకెట్‌ను, ఆ చిన్న ఫోల్డర్‌ను కూడా ఊడ్చేసింది. ఇంటి తలుపు గోడలో కలిసిపోయి, లోపల మనుషులు మాత్రం క్షేమంగా ఉన్నట్టు.

సాకెట్ పేరు మార్చుకునే ఆప్షన్ దగ్గరే ఒక వాక్యం ఉంది: సాకెట్ పొరపాటున పోతే, టీమక్స్ సర్వర్ ప్రాసెస్‌కు యూఎస్‌ఆర్1 సిగ్నల్ పంపండి, అది మళ్లీ సృష్టించుకుంటుంది అని. పక్కనే, పై ఫోల్డర్ లేకపోతే ఇది పనిచేయదు అని హెచ్చరిక. ఆ హెచ్చరిక చదవకుండా సిగ్నల్ పంపి ఉంటే ఏమీ జరగక, ఇక లాభం లేదని వదిలేసేదాన్ని. ముందు అదే పేరుతో ఫోల్డర్ చేశాను. ఇంకెవరూ చూడకుండా పర్మిషన్ 700 పెట్టాను, లేకపోతే అది భద్రంగా లేదని టీమక్స్ ఒప్పుకోదు. ప్రాసెస్ నంబరు రెండుసార్లు సరిచూసుకుని, కిల్ కమాండ్‌కు యూఎస్‌ఆర్1 జతచేసి ఎంటర్ కొట్టాను. పేరు కిల్ అయినా ఇక్కడ అది సిగ్నల్ మాత్రమే పంపుతుందని తెలిసి కూడా గుండె దడదడలాడింది. తెర మీద ఏమీ రాలేదు. ఫోల్డర్‌లో చూస్తే డిఫాల్ట్ అనే పేరుతో సాకెట్ ఉంది. అటాచ్ కొట్టాను. ఆర్ ప్రాంప్ట్, దాని పైన పెళ్లికి బయల్దేరే ముందు వేసిన ఆఖరి ప్రశ్నకు జవాబు. పక్క విండోలో అసెంబ్లీ పూర్తయిందన్న లైను. ముందుగా ఆ టేబుళ్లన్నీ డిస్క్ మీదికి సేవ్ చేశాను. ఆ తర్వాత జూనియర్‌కు ఫోన్ చేశాను, మెసేజ్ సరిపోదనిపించి.

ఇలాంటిది మీకు ఎదురైతే తొందరపడి కొత్తగా టీమక్స్ మొదలుపెట్టకండి. అదే చిరునామాలో ఇంకో టీమక్స్ సర్వర్ తయారై, పాతదానికీ కొత్తదానికీ సాకెట్ దగ్గర గొడవ అవుతుంది. నేనైతే ఆ రోజే, సాకెట్ ఎక్కడ ఉండాలో చెప్పే టీమక్స్ టెంప్‌డిర్ వేరియబుల్‌ను ఊడ్చివేత లేని మా ప్రాజెక్టు ఫోల్డర్‌కు మార్చేశాను. మళ్లీ ఆ సమస్య రాలేదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ల్యాబ్ ప్రాజెక్టు అకౌంట్‌లో నేనిక్కడ, జూనియర్ అక్కడ ఒకే సెషన్‌కు అటాచ్ అయి, ఫోన్ స్పీకర్‌లో పెట్టుకుని ఒకే తెర మీద పనిచేస్తాం. తను టైప్ చేసేది నాకు అక్షరం అక్షరం కనబడుతుంది. వీడియో కాల్‌లో స్క్రీన్ షేర్ చేస్తే మా ఊరి నెట్‌కు బొమ్మ కదలదు. ఇది అక్షరాలే కాబట్టి హాయిగా నడుస్తుంది. నేర్పించడానికి ఇంతకన్నా మంచి పద్ధతి నాకు దొరకలేదు. కాకపోతే మా సర్వర్‌లో ఉన్నది పాత వెర్షన్. ఎవరిదో ఒకరిది ఫోన్ తెర అయితే అందరికీ అంత చిన్నగానే కనబడి, మిగతా చోటంతా చుక్కలు నిండిపోతాయి. డి ఆప్షన్‌తో అటాచ్ అయితే మిగతావాళ్లు బయటికి పోతారు, మనకు నిండుగా వస్తుంది.

చిరాకులూ ఉన్నాయి. వెనక్కి స్క్రోల్ చేసి చూసుకునేది మొదట 2000 లైన్లే; మెగాహిట్, స్నేక్‌మేక్ కలిసి కక్కే సందేశాలకు అది ఏ మూలకూ చాలదు. సెట్టింగుల ఫైల్లో పెంచుకోవచ్చు గానీ, పెంచాక తెరిచిన విండోలకే అది వర్తిస్తుంది. శాంపిల్ తీసిన ఊరి పేర్లు, రైతు చెప్పిన మాటలు తెలుగులో రాసి పెట్టుకున్న ఫైలు టీమక్స్‌లో తెరిస్తే ఒత్తులూ గుణింతాలూ చెదిరిపోతాయి. అలాంటి ఫైళ్లు లాప్‌టాప్‌లోకి దించుకునే చదువుతాను.

కొనమనడానికి ఇది అమ్మే వస్తువు కాదు, ఉచితమే. మీ దగ్గర స్లర్మ్ (పనుల్ని వరసలో పెట్టి నడిపే ప్రోగ్రామ్) ఉండి, జాబ్ స్క్రిప్టు ఇచ్చి లాగౌట్ అయ్యే పనులే ఎక్కువైతే ఇది లేకపోయినా మీకు గడిచిపోతుంది. అన్నీ నోట్‌బుక్కుల్లో, బ్రౌజర్‌లో చేసేవాళ్లకు కూడా పెద్దగా కలిసిరాకపోవచ్చు. సర్వర్ తరచూ రీబూట్ అయ్యే చోట దీన్నొక్కదాన్నే నమ్ముకోకండి. నా సంగతి వేరు: సర్వర్ దూరం, కరెంటు అంతంతమాత్రం, పని రోజుల తరబడి నడిచేది. రేపు హైదరాబాదుకు మారితే ఎంతవరకు వాడతానో తెలియదు గానీ, ఈ ఇంట్లోంచి పనిచేసినన్నాళ్లూ లాగిన్ అవగానే మొదట కొట్టేది టీమక్స్ అటాచే.