బీరు కాచే సామాను, ఇంట్లో శాంతి: చాలా ఏళ్ళ వాడకం తర్వాత సమీక్ష

హోమ్‌బ్రూయింగ్ (ఇంట్లో బీరు కాచుకోవడం) సామాను మీద వచ్చే సమీక్షలు బీరు రుచి దగ్గర మొదలై అక్కడే ఆగిపోతాయి. ఆ సామానుతో పాటు అదే ఇంట్లో ఉండే రెండో మనిషికి ఎలా ఉంటుందో ఎవరూ రాయరు. ఇక్కడ మార్కులు వేసింది ఆ లెక్కన. బీరు బాగా వచ్చినా వంటగది చెడిపోతే ఆ వస్తువుకి మార్కులు తగ్గించాం. బీరులో పెద్ద తేడా లేకపోయినా శనివారం సాయంత్రం మిగిల్చిన వస్తువుకి పెంచాం.

రాసేది అమెరికాలోని మామూలు ఇంటి గురించి, 5 గ్యాలన్ల (19 లీటర్ల) బ్యాచ్ గురించి. అక్కడ 1979 నుంచి ఫెడరల్ చట్టం ప్రకారం ఇంటి వాడకానికి బీరు కాచుకోవచ్చు. ఇంట్లో పెద్దవాళ్ళు ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేక అంతకు మించి ఉంటే 200. అమ్మకూడదు. ఇది చదివి హైదరాబాదులోనో విజయవాడలోనో అపార్ట్‌మెంట్ బాల్కనీలో మొదలుపెట్టకండి. అక్కడ లైసెన్సు లేకుండా కాస్తే ఎక్సైజ్ కేసు.

ఇంటావిడకి గానీ ఇంటాయనకి గానీ బీరు మీద కోపం ఉండటం తక్కువ. కోపమంతా స్టవ్ ఐదు గంటలు దొరకకపోవడం మీద, సింకులో బీరు చల్లార్చే రాగిచుట్ట పడుండటం మీద, ఫ్రిజ్‌లో కూరగాయల చోటు పోవడం మీద, ఇల్లంతా వాసన మీద. కాబట్టి ఏది కొన్నా ఒకే ప్రశ్న: ఇది స్టవ్, సింకు, ఫ్రిజ్, వాసన, సమయం, వీటిలో దేన్ని ఖాళీ చేస్తుంది?

స్టవ్ మీద పెద్ద గిన్నె పెట్టి కాచే పద్ధతి అన్నిటికన్నా చవక, అన్నిటికన్నా ఎక్కువ గొడవ. 19 లీటర్లు చేతికి రావాలంటే మరిగించే ముందు 25 లీటర్ల దాకా వర్ట్ (మాల్ట్, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యం, దాని కషాయం) ఉండాలి. గిన్నెతో కలిపి 30 కిలోలు దాటుతుంది. గ్లాస్‌టాప్ స్టవ్ అయితే ముందు మాన్యువల్లో బరువు పరిమితి చూడండి. మరుగు పట్టే క్షణంలో నురుగు పైకి లేచి పొంగుతుంది. ఆ చక్కెర పాకం వేడి గాజు మీద పడి మాడితే గాజుకే గుంటలు పడతాయి, ఎంత గీకినా పోవు. పొంగకుండా ఉండాలంటే నురుగు లేస్తుండగానే మంట తగ్గించి, స్ప్రే బాటిల్‌తో నీళ్ళు చల్లాలి. మూత పెట్టి మరిగిస్తే ఆవిరి తగ్గుతుంది కదా అని అనిపిస్తుంది కానీ లేతరంగు మాల్ట్‌లో ఉడికించిన మొక్కజొన్న వాసన తెచ్చే డీఎంఎస్ అనే పదార్థం ఆవిరితో పాటే పోవాలి. మూత పెడితే అది బీరులోనే ఉండిపోతుంది. మూత తీస్తే గంటకు రెండు మూడు లీటర్ల నీరు ఆవిరై పైనున్న క్యాబినెట్ల అడుగున పడుతుంది. గాలిని మళ్ళీ గదిలోకే వదిలే రకం హుడ్ అయితే ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే. అయినా మొదలుపెట్టేవాళ్ళకి స్టవ్ వద్దనం. 2.5 గ్యాలన్ల బ్యాచ్ కాచండి. బరువు సగం, ఆవిరి తక్కువ, 26 సీసాల చిల్లర వస్తాయి. ఇద్దరున్న ఇంటికి అది చాలు.

ప్రొపేన్ బర్నర్ వంటగదిని పూర్తిగా వదిలేస్తుంది. మంట హోరు పక్కింటికి వినిపిస్తుంది, అదొక్కటే లోటు. కాకపోతే ఇది ఆరుబయట వాడాల్సిన వస్తువు. చలి కదా అని గ్యారేజీ తలుపు దించి వాడితే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. తలుపు సగం ఎత్తి పెట్టినా సరిపోదు.

ఎక్కువకాలం వాడి, మళ్ళీ కొనాల్సొస్తే కొంటామని చెప్పగలిగింది 120 వోల్టుల ఎలక్ట్రిక్ ఆల్-ఇన్-వన్. నీళ్ళు కాగేది, మాల్ట్ నానేది, మరిగేది అన్నీ ఒకే స్టీలు డబ్బాలో. అడుగున హీటర్, లోపల చిల్లుల బుట్ట, పక్కన పంపు. దీని బలహీనత నెమ్మది. 1,600 వాట్లతో 26 లీటర్ల నీళ్ళు 20 డిగ్రీల నుంచి 67కి రావడానికి గంట. అక్కణ్ణుంచి మరుగు పట్టడానికి మరో ముప్పావు గంట పైనే. ఈ నెమ్మదికి మందు ఇందులోనే ఉన్న టైమర్. రాత్రి నీళ్ళు నింపి, పొద్దున్న ఆరింటికి వేడెక్కేలా పెట్టి పడుకుంటే, ఇంట్లో వాళ్ళు లేచేసరికి మాల్ట్ నానుతూ ఉంటుంది, పదకొండుకల్లా కడగడం కూడా అయిపోతుంది. ఇంట్లో శాంతికి ఈ టైమర్ చేసిన మేలు పంపు, కంట్రోలర్ కలిసి చేయలేదు.

కరెంటు లెక్క మాత్రం కొనకముందే చూసుకోవాలి. 1,600 వాట్లంటే 13.3 ఆంప్స్. 15 ఆంప్స్ సర్క్యూట్ మీద గంటల తరబడి నడిచే లోడు 12 దాటకూడదు కాబట్టి దీనికి 20 ఆంప్స్ సర్క్యూటే కావాలి. వంటగదిలో అది ఉంటుంది, కానీ అదే సర్క్యూట్ మీద ఎవరో మైక్రోవేవ్ నొక్కగానే బ్రేకర్ పడుతుంది, తప్పెవరిదన్న వాదన మొదలవుతుంది. గ్యారేజీలో పెట్టండి. పాత ఇళ్ళలో గ్యారేజీ ప్లగ్గు, బాత్రూం ప్లగ్గు ఒకే లైను మీద ఉండటం మామూలే. ఎవరైనా హెయిర్ డ్రయ్యర్ వేస్తే మీ మరుగు ఆగిపోతుంది. బ్రేకర్ ఒకసారి ఆపి, ఏ ప్లగ్గులు చచ్చాయో చూసుకుంటే లైను సంగతి తేలిపోతుంది. ఎక్స్‌టెన్షన్ తప్పకపోతే 12 గేజ్‌ది, పొట్టిది వాడాలి. 16 గేజ్ తీగ చేతికి వెచ్చగా తగులుతుంది, అది మంచి సూచన కాదు.

అడుగున మాడటం వీటిలో తరచూ వచ్చే జబ్బు. మాల్ట్ పిండి బుట్ట చిల్లుల్లోంచి జారి హీటరున్న అడుగు మీద పేరుకుని మాడుతుంది, బీరుకి కాలిన వాసన వస్తుంది, గీకడానికి అరగంట పడుతుంది. గోధుమ మాల్ట్ ఎక్కువైతే మరీను. నానేటప్పుడు హీటర్ సగం పవర్‌లో ఉంచడం, పంపు పూర్తి వేగంతో తిప్పకపోవడం, మరుగు పట్టే ముందు అడుగు ఒకసారి స్టీలు గరిటెతో తడమడం చేస్తే చాలు. ఆ గరిటె వంటింటిది కాకూడదు. పులుసు గరిటెకి హాప్స్ (బీరుకి చేదు, వాసన ఇచ్చే పూలు) చేదు పట్టిందన్న మాట ఒక్కసారి పడితే ఆ మాట పోదు. అలాగే ఆవకాయ పెట్టిన ప్లాస్టిక్ బకెట్ బీరుకి వాడకండి. ఆవపిండి వాసన ఏ సబ్బుకీ లొంగదు.

తర్వాత చల్లార్చడం. 25 అడుగుల రాగిచుట్టలోంచి కుళాయి నీళ్ళు పారిస్తే 19 లీటర్లు అరగంట లోపు చల్లారతాయి. వంటగది కుళాయికి బిగించడం ఒక తలనొప్పి. కిందికి లాగే స్ప్రే తలలున్న కుళాయిలకు మామూలు అడాప్టర్ పట్టదు. పట్టినా చిమ్ముతుంది. బయటి తోట కుళాయికి గార్డెన్ హోస్ ఫిట్టింగ్‌తో బిగిస్తే సింకు ఖాళీ, గొడవ ఖాళీ. వంద లీటర్ల పైనే నీళ్ళు పోతాయి. ముందు వచ్చే ఒకటిన్నర బకెట్ పొగలు కక్కే నీళ్ళు కడగడానికి పట్టుకుని, మిగతావి లాన్‌కి వదలండి. టెక్సస్, అరిజోనా వేసవిలో కుళాయి నీళ్ళే 28, 30 డిగ్రీలుంటాయి. చుట్ట ఎంతసేపు తిప్పినా అంతకన్నా దిగదు. అప్పుడు డబ్బాలో మూసి, కింద చెప్పే చెస్ట్ ఫ్రీజర్లో పెట్టి, రాత్రికి చల్లారాక ఈస్ట్ వేయొచ్చు. లేదా క్వైక్ ఈస్ట్ వాడొచ్చు. ఈ నార్వే ఈస్ట్ 30 నుంచి 37 డిగ్రీల మధ్య హాయిగా పులిసి మూడు నాలుగు రోజుల్లో పని ముగిస్తుంది. ఎండాకాలం గ్యారేజీకి దీన్ని మించింది లేదు, ఏ ఫ్రిజ్జూ అక్కర్లేదు.

ఆస్ట్రేలియాలో నీటి కొరతకి అలవాటైన నో-చిల్ పద్ధతి ఇంకా తేలిక. మరిగే వర్ట్‌ని వేడి తట్టుకునే 20 లీటర్ల హెచ్‌డీపీఈ (గట్టి రకం ప్లాస్టిక్) డబ్బాలో పోసి, గాలి నొక్కేసి, బిగించి, మర్నాడు ఈస్ట్ వేయడమే. నీళ్ళు ఒక్క చుక్క పోవు, ముప్పావు గంట మిగులుతుంది. హాప్స్ వేడిలోనే నానుతూ ఉంటాయి కాబట్టి చివరి హాప్స్‌ని మరో 15, 20 నిమిషాలు ఆలస్యంగా వేయాలి. లేకపోతే చేదు పెరుగుతుంది.

కడగడానికి పీబీడబ్ల్యూ అనే పొడి గ్యాలన్‌కు ఒక ఔన్సు, వేడి నీళ్ళలో అరగంట పంపు తిప్పితే రుద్దే పని లేదు. శుద్ధికి స్టార్ శాన్ అనే ద్రవం 5 గ్యాలన్లకు ఒక ఔన్సు. ఇది ఫాస్ఫారిక్ ఆమ్లం. పాలరాతి కౌంటర్ మీద ఒలికితే తెల్లటి మచ్చ పడి మెరుపు పోతుంది. పాలరాతి మచ్చకి క్షమాపణ సరిపోదు. బ్లీచ్‌తో కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది కాబట్టి రెండూ ఒకే షెల్ఫులో కూడా పెట్టకండి.

పులియబెట్టడానికి గాజు కార్బాయ్ (పెద్ద జాడీ లాంటి సీసా) కొనొద్దు. నిండితే పాతిక కిలోలు, తడి చేతుల్లోంచి జారితే కుట్లు పడే గాయం. 6.5 గ్యాలన్ల ప్లాస్టిక్ బకెట్ చాలు. పైన ఖాళీ ఉన్నా గోధుమ బీరు నురుగు ఎయిర్‌లాక్‌ని (గ్యాసుని బయటికి వదిలి గాలిని లోపలికి రానివ్వని బిరడాని) మూసేస్తుంది, ఒత్తిడికి మూత లేచి సీలింగ్ దాకా చిమ్ముతుంది. అద్దె ఇంట్లో డిపాజిట్ పోయే దారి ఇదే. మొదటి మూడు రోజులు ఎయిర్‌లాక్ బదులు లావు గొట్టం పెట్టి, దాని చివర స్టార్ శాన్ నీళ్ళున్న సీసాలో ముంచండి. బట్టల క్లాజెట్‌లో మాత్రం పెట్టకండి. కొన్ని లాగర్ (చలిలో పులిసే బీరు రకం) ఈస్ట్‌లు కుళ్ళిన గుడ్డు వాసన వదులుతాయి. అది మామూలే, పోతుంది, కానీ ముందు పట్టుచీరలకి పడుతుంది.

ఇంటి ఫ్రిజ్ పంచుకోవడం కుదిరే పని కాదు. ఏల్ రకం బీరు పులియడానికి 18 డిగ్రీలు కావాలి, పెరుగుకి 4. 7 ఘనపుటడుగుల చెస్ట్ ఫ్రీజర్ ఒకటి, ప్లగ్గుకి తగిలించే ఉష్ణోగ్రత కంట్రోలర్ ఒకటి తీసుకుంటే కథ ముగుస్తుంది. సెన్సర్‌ని గాలిలో వేలాడదీయకుండా బకెట్ గోడకి ఆనించి, మీద ఫోమ్ ముక్క పెట్టి టేపు వేయాలి. పులిసేటప్పుడు లోపలి వేడి బయటికన్నా రెండు నుంచి ఐదు డిగ్రీలు ఎక్కువ ఉంటుంది.

సీసాలు? 5 గ్యాలన్లకు 12 ఔన్సులవి 53. కడగాలి, నింపాలి, మూత బిగించాలి, ఎక్కడో పేర్చాలి. గ్యాసు పుట్టడానికి వేసే చక్కెర (డెక్స్‌ట్రోజ్) మరీ ఎక్కువైతే, లేదా గ్రావిటీ (బీరులో మిగిలిన చక్కెరని చెప్పే కొలత) మూడు రోజులు కదలకుండా నిలవకముందే నింపితే పేలొచ్చు. కెగ్ (స్టీలు పీపా) దీన్నంతా పదిహేను నిమిషాల పనిగా మారుస్తుంది. 5 గ్యాలన్ల కార్నీ కెగ్, 5 పౌండ్ల కార్బన్ డయాక్సైడ్ సిలిండర్, 3 డిగ్రీల చలిలో 12 పీఎస్ఐ ఒత్తిడి, పది అడుగుల సన్న గొట్టం. ఒక సిలిండర్ ఏడెనిమిది కెగ్గులకి వస్తుంది. ప్రతి జాయింటుకీ సబ్బు నురుగు పూసి చూడాలి. ఆ సిలిండర్లో గ్యాసు వెయ్యి లీటర్ల పైమాటే, గాలాడని చిన్న గదిలో ఉంచితే ప్రమాదం.

అసలు మెచ్చుకోవాల్సింది రెండో ట్యాపు. ఒక కెగ్ మంచినీళ్ళతో నింపి 30 పీఎస్ఐ మీద నాలుగైదు రోజులు వదిలేస్తే ఇంట్లోనే సోడా. నిమ్మకాయ, ఉప్పు గ్లాసులో పిండుకోవాలి, కెగ్‌లో వేయకూడదు. తాగని వాళ్ళకి, పిల్లలకి, ఊరి నుంచి వచ్చిన అత్తమామలకి గ్యారేజీకి వెళ్ళడానికో కారణం దొరుకుతుంది. దీనికి వేరే రెగ్యులేటర్ కావాలి, గొట్టం 20 అడుగుల పైన ఉండాలి, లేకపోతే గ్లాసులో నురుగు తప్ప నీళ్ళు రావు. గ్యాస్ లైన్లో చెక్ వాల్వ్ (గ్యాసుని ఒకవైపుకే పోనిచ్చేది) లేకపోతే 30 వైపు ఒత్తిడి 12 వైపుకి దూరి బీరుని పాడుచేస్తుంది. రబ్బరు రింగులు కూడా ఆ కెగ్‌వి ఆ కెగ్‌కే.

శాకాహారుల ఇంట్లో ఒక మాట ముందే తేల్చుకోవాలి. బీరు తేటపడటానికి వాడే ఐసింగ్లాస్ చేప గాలితిత్తి నుంచి వస్తుంది, జెలటిన్ జంతువుల నుంచి. చెప్పకుండా పోసి తర్వాత తెలిస్తే అది బీరు గొడవగా మిగలదు. సముద్రపు నాచుతో చేసే ఐరిష్ మాస్ మరుగులో చివరి 10, 15 నిమిషాలకు వేసి, తర్వాత వారం చల్లగా ఉంచితే చాలావరకు అదే తేటదనం.

కార్తీకమాసం లాగర్‌కి రాసిపెట్టిన కాలం. ఎవరూ రుచి చూడరు కాబట్టి ఆ నెలంతా సున్నాకి దగ్గర చలిలో కదలకుండా ఉంటుంది. దసరా ముందు పులియబెట్టడం మొదలుపెడితే కొత్త సంవత్సరానికి అందుతుంది.

డబ్బు ఆదా అని మాత్రం ఇంట్లో వాదించకండి. సరుకు ఖర్చు కొనే బీరు కన్నా తక్కువే, కానీ ఫ్రీజర్, కెగ్గులు, రెగ్యులేటర్లు కలిపాక ఆ లెక్క నిలబడదు, అవతలి మనిషికి కూడికలు వచ్చు. అవతలి అభ్యంతరం తాగుడు గురించే అయితే ఏ సామానూ దాన్ని తీర్చదు. 53 సీసాలు ఇంట్లో ఉండటమే సమస్య కావచ్చు. అప్పుడు 2.5 గ్యాలన్లకో, 3.5 శాతం ఆల్కహాల్ బీరుకో దిగడం కొత్త కెటిల్ కన్నా పనికొస్తుంది.

చివర మిగిలే పిప్పి సంగతి. 5 కిలోల మాల్ట్‌కి ఏడు కిలోల దాకా తడి పిప్పి వస్తుంది. ఎండాకాలం చెత్తడబ్బాలో ఒక్క రోజు ఉంటే వీధంతా పులుపు వాసన. అదే రోజు కంపోస్ట్‌కి పంపాలి, లేదా పలచగా పరిచి ఓవెన్‌లో తక్కువ వేడిలో ఎండబెట్టి పిండి పట్టాలి. చపాతీ పిండిలో ఆరో వంతు కలిపితే బాగుంటుంది, అంతకు మించితే పొట్టు పంటికి తగులుతుంది. హాప్స్ మడ్డి ఇందులో కలవకూడదు, ముఖ్యంగా ఇంట్లో కుక్క ఉంటే. హాప్స్ తిన్న కుక్కకి ఒంటి వేడి అదుపు తప్పి ప్రాణం మీదికి వస్తుంది. దాన్ని విడిగా సంచిలో కట్టి మూతున్న డబ్బాలో వేయండి.