ద్వారకానగర్ ఆదివారం రీడింగ్ బ్యాచ్: 4/5

హోటల్‌లో నైట్ డ్యూటీ దిగి నేరుగా ఈ కోచింగ్‌కే వెళ్తుంటాను, కేంబ్రిడ్జ్ బీ1 ప్రిలిమినరీ అనే ఇంగ్లిష్ పరీక్ష కోసం. రీడింగ్‌లో 6 భాగాలు, 32 ప్రశ్నలు, టైమ్ 45 నిమిషాలే. గంట కొట్టగానే మేడమ్ పేపర్లు లాగేసుకుంటారు, బతిమాలినా వినరు. నాకు నచ్చిందే అది.

ఫీజుకి గిట్టుబాటు మాత్రం నాలుగో భాగం దగ్గరే. పాఠంలోంచి 5 వాక్యాలు తీసేసి, ఆ ఖాళీల్లో పెట్టడానికి 8 వాక్యాలు ఇస్తారు. అంటే మూడు ఉత్తుత్తివి. ఖాళీకి అటూ ఇటూ ఉన్న హీ, దేర్, హవెవర్ లాంటివి దేన్ని పట్టుకుని వచ్చాయో పెన్సిల్‌తో గీత గీసి కలపమంటారు. రెండో భాగంలో పేపర్లో ఇచ్చిన ఐదుగురిలో ఎవరికి ఏ పేరా సరిపోతుందో కలపాలి. ముందు ఆ ఐదుగురికి ఏం కావాలో గీతలు పెట్టుకున్నాకే ఎనిమిది పేరాల జోలికి వెళ్లాలి. ఒక్క అవసరం తీరకపోయినా ఆ పేరా పక్కన పెట్టేయడమే.

ఆరో భాగం మాత్రం గబగబా తేల్చేస్తారు. ఆప్షన్లు లేకుండా ఖాళీలో మనమే మాట రాయాలి కదండీ, దానికి ఇంకో గంట పెట్టొచ్చుగా! ఏసీ సంగతి అడగొద్దు. మోడల్ పేపర్లకి విడిగా డబ్బులడిగితే ఇవ్వకండి. కేంబ్రిడ్జ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయి, కింద జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించుకోండి.